మందు విలువ తేల్చే వైకుంఠపాళి

ఖరీదైన మందు... కాసిన్ని నెలల ఆయుష్షు. పెట్టిన డబ్బుకి తగ్గ ఫలితం ఉందా? క్యాన్సర్‌ చికిత్సల విషయంలో ఈ ప్రశ్నకి జవాబు వెదకడానికి నిపుణులు కంప్యూటర్లో వేలమంది రోగుల్ని సృష్టిస్తున్నారు. వాళ్లచేత నెలనెలా పాచికలు వేయిస్తున్నారు. ఏ మందుకి ప్రభుత్వం డబ్బు కట్టాలో, ఎంత ధరకైతే కొనొచ్చో తేల్చడానికి ఆ ఆటే ఇప్పుడు ఆధారం!

నెలకి 2,80,428 రూపాయలు.

కాలేయ క్యాన్సర్‌ ముదిరినవాళ్లకి ఇచ్చే సొరాఫెనిబ్‌ మాత్రలకి బేయర్‌ కంపెనీ మనదేశంలో పెట్టిన ధర అది. బ్రాండు పేరు నెక్సవార్‌. 2012 మార్చిలో హైదరాబాద్‌కి చెందిన నాట్కో ఫార్మాకి ఆ మందు తయారుచేసుకోమంటూ పేటెంట్ల కంట్రోలర్‌ తప్పనిసరి లైసెన్సు ఇచ్చారు. 2005లో పేటెంట్‌ చట్టం మారాక దేశంలో ఇచ్చిన తొలి తప్పనిసరి లైసెన్సు అదే. దాంతో నెల మందు ధర 8,800 చిల్లరకి దిగొచ్చింది. బేయర్‌ పై కోర్టులకి వెళ్లింది. 2014 డిసెంబరులో సుప్రీంకోర్టులోనూ ఆ కంపెనీకి ఊరట దొరకలేదు.

మాత్ర అదే. అందులోని రసాయనం అదే. రోగికి కలిసొచ్చే ఆయుష్షూ అంతే. మారిందల్లా ధర ఒక్కటే. మరి ‘ఈ మందు వాడటం గిట్టుబాటేనా’ అన్న ప్రశ్నకి జవాబు కూడా మారుతుందా?

కచ్చితంగా మారుతుంది. ఎంత మారుతుందో తెలియాలంటే మాత్రం ముందు ఆయుష్షుని కొలవడం తెలియాలి.

ఆయుష్షుకి ఓ కొలమానం

బియ్యాన్ని కిలోల్లో, పాలని లీటర్లలో కొలుస్తాం. చికిత్సతో దక్కే ఆయుష్షుని కొలవడానికి ఆరోగ్య ఆర్థిక నిపుణులు వాడే కొలత పేరు ‘క్వాలీ’. పూర్తి ఆరోగ్యంతో గడిపిన ఒక ఏడాది ఒక క్వాలీ. మంచంపట్టి, నొప్పితో, సగం సుఖంగానే గడిస్తే ఆ ఏడాది విలువ అర క్వాలీ. అలా రెండేళ్లు బతికితే ఒక క్వాలీ అవుతుంది. అంటే, ఎన్నాళ్లు బతికారన్నదే కాదు, ఎలా బతికారన్నదీ లెక్కలోకి వస్తుందన్నమాట.

ఈ మార్కులు వేసేది డాక్టర్లు కాదు. రోగిని అయిదు విషయాలు అడుగుతారు. నడవగలుగుతున్నారా, మీ పనులు మీరే చేసుకుంటున్నారా, రోజువారీ వ్యవహారాలు సాగుతున్నాయా, నొప్పి ఎంత ఉంది, దిగులు ఎంత ఉంది... ఇవీ ఆ ప్రశ్నలు. ఏ స్థితికి ఎన్ని మార్కులన్నది మామూలు ప్రజల్ని అడిగి నిర్ణయిస్తారు. ఇంగ్లండులో మోకాలి నొప్పికి ఇచ్చే మార్కూ, పొలంలో వంగి నాట్లేసే మన మహిళ అదే నొప్పికి ఇచ్చే మార్కూ ఒకటే కావాలని లేదు. అందుకే మనదేశంలో అయిదు రాష్ట్రాల్లో 3,548 మందితో ముఖాముఖి మాట్లాడి తయారుచేసిన మార్కుల పట్టిక 2022లో వెలువడింది. అంతకుముందు మన పరిశోధకులు ఇతర దేశాల పట్టికలతోనే నెట్టుకొచ్చారు.

కాగితం మీద చిన్న లెక్క

ఇప్పుడు సొరాఫెనిబ్‌ దగ్గరికొద్దాం. 602 మంది రోగులతో జరిగిన అంతర్జాతీయ క్లినికల్‌ ట్రయల్‌ ఫలితాలు 2008లో వచ్చాయి. మందు వాడినవాళ్లు మధ్యస్థంగా 10.7 నెలలు బతికారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లు 7.9 నెలలు. తేడా 2.8 నెలలు.

ఆ 2.8 నెలలూ నూటికి 70 మార్కుల సుఖంతో గడిచాయనుకుందాం. అప్పుడు అది దాదాపు రెండు నెలల పూర్తి ఆరోగ్యంతో సమానం. అంటే ఏడాదిలో ఆరో వంతు. మందు సుమారు అయిదు నెలలు వాడారనుకుంటే... పాత ధరకి 14 లక్షలు ఖర్చు. ఆరో వంతుకే 14 లక్షలైతే ఒక క్వాలీకి? 84 లక్షలు! అదే నాట్కో ధరకి అయిదు నెలల ఖర్చు 44 వేలు. ఒక క్వాలీకి రెండు లక్షల అరవై నాలుగు వేలు.

ఇది చేత్తో వేసిన ముతక లెక్క. ఆసుపత్రి ఖర్చులు, స్కాన్లు, దుష్ఫలితాలకి చేసే చికిత్స ఇందులో లేవు. అయినా విషయం అర్థమవుతుంది. మనదేశంలో ఇలాంటి లెక్కలు చేసేటప్పుడు ఒక క్వాలీకి అయ్యే ఖర్చు తలసరి స్థూల ఉత్పత్తికి లోపు ఉంటే గిట్టుబాటు కిందే లెక్క. ఇప్పుడది రెండు లక్షల పైచిలుకు. 84 లక్షలకీ దానికీ పొంతనే లేదు. రెండున్నర లక్షలైతే కనీసం కూర్చుని మాట్లాడుకోవచ్చు. ధర 97 శాతం తగ్గినా మందు గీత దగ్గరికి వచ్చిందే తప్ప గీత లోపలికి రాలేదన్నదీ గమనించాలి.

నిచ్చెనలూ... పాములూ

అసలు లెక్క కాగితం మీద తేలేది కాదు. క్యాన్సర్‌ రోగి జీవితం ఒకే దారిలో నడవదు. ఒకరికి గడ్డ కరుగుతుంది. ఇంకొకరికి ఆర్నెల్లకి తిరగబెడుతుంది. మరొకరికి మందే పడదు. ఈ మలుపులన్నీ లెక్కలోకి రావాలంటే... వైకుంఠపాళి ఆడాల్సిందే!

కంప్యూటర్లో ఓ పటం గీస్తారు. అందులో గడులు: ‘వ్యాధి అదుపులో ఉంది’, ‘వ్యాధి ముదిరింది’, ‘మరణం’. మొదటి గడిలో వెయ్యిమంది ఊహా రోగుల్ని నిలబెడతారు. ఆటలో ప్రతి పందెం ఒక నెల. నెలకి నూటికి పదిమందికి వ్యాధి ముదురుతుందని ట్రయల్‌ సమాచారం చెబితే, మొదటి నెలాఖరుకి ఆ గడిలో 900 మంది మిగులుతారు. రెండో నెలకి 810 మంది. ఇలా చివరి మనిషి ఆఖరి గడి చేరేదాకా ఆట సాగుతుంది. ప్రతి గడికీ నెలకి ఇంత ఖర్చు, ఇన్ని మార్కులు అని ముందే రాసిపెట్టి ఉంటుంది. ఆట ముగిశాక మొత్తం ఖర్చు, మొత్తం క్వాలీలు కూడితే సరి. అదే వెయ్యిమందితో మందు ఇచ్చి ఒకసారి, ఇవ్వకుండా ఒకసారి ఆడిస్తారు. రెండింటి మధ్య తేడాయే ఆ మందు విలువ. రష్యా గణిత శాస్త్రవేత్త ఆంద్రే మార్కోవ్‌ పేరుమీద దీన్ని ‘మార్కోవ్‌ మోడల్‌’ అంటారు.

ఇంకాస్త లోతుకి వెళ్లాలంటే ఒక్కో రోగికీ వేరువేరుగా వయసు, వ్యాధి దశ, ఇతర జబ్బులు కేటాయించి, ఒక్కొక్కరి చేతా విడిగా పాచిక వేయిస్తారు. ఈ పద్ధతి పేరు ‘మాంటీ కార్లో’. అది జూదానికి పేరుపడ్డ ఊరు. 1946లో జబ్బుపడి కోలుకుంటూ పేకముక్కలతో ఒంటరి ఆట ఆడుతున్న శాస్త్రవేత్త స్టానిస్లా ఉలామ్‌కి, ఆట గెలిచే అవకాశమెంతో సూత్రాలతో కుస్తీ పట్టేకంటే వందసార్లు ఆడి చూస్తే తెలిసిపోతుంది కదా అనిపించిందట. అణు పరిశోధనల కోసం పుట్టిన ఆ ఆలోచన ఇప్పుడు క్యాన్సర్‌ వార్డుకి వచ్చింది.

ఈ ఆటలో మరో సుగుణం ఉంది. ‘ఈ అంకె మీద మాకు నమ్మకం తక్కువ’ అనుకున్న ప్రతిచోటా దాన్ని అటూఇటూ మార్చి వేలసార్లు ఆడించొచ్చు. వెయ్యి ఆటల్లో 900 సార్లు మందు గిట్టుబాటని తేలితే ధైర్యంగా కొనొచ్చు. 500 సార్లే తేలితే బొమ్మా బొరుసూ వేసినట్లే.

అందరు రోగులూ ఒకటి కాదు

పటం ఎంత చక్కగా గీసినా పాచిక మీద అంకెలు తప్పయితే ఆటంతా తప్పే. ఆ అంకెలు వచ్చేది నిజమైన రోగుల నుంచి. చిక్కంతా అక్కడే ఉంది.

సొరాఫెనిబ్‌నే చూడండి. మొదటి ట్రయల్‌లో ఎక్కువమంది ఐరోపా, అమెరికా ఖండాల రోగులు. అదే మందుతో ఆసియా పసిఫిక్‌ దేశాల్లో 226 మందితో మరో ట్రయల్‌ జరిపి 2009లో ఫలితాలు ప్రకటించారు. అక్కడ మందు వాడినవాళ్లు 6.5 నెలలు, వాడనివాళ్లు 4.2 నెలలు బతికారు. అంటే ఇక్కడ మందు వాడినవాళ్లకి దక్కిన కాలం, అక్కడ వాడనివాళ్లకి దక్కినదానికన్నా తక్కువ! ఆసియా రోగుల్లో హెపటైటిస్‌-బి వల్ల వచ్చిన క్యాన్సర్లు ఎక్కువ. చాలామంది వ్యాధి బాగా ముదిరాక వచ్చినవాళ్లు. ఏ ట్రయల్‌ అంకెల్ని పాచిక మీద రాస్తారన్నదాన్ని బట్టి ఆట మారిపోతుంది.

పైగా ట్రయల్స్‌కి కాలేయం కాస్త బాగా పనిచేస్తున్నవాళ్లనే ఎక్కువగా ఎంచుకుంటారు. ఊళ్లో అప్పు పుట్టేదాకా ఆగి, ఆలస్యంగా పట్నం ఆసుపత్రికి వచ్చిన రోగి వాళ్లలో ఉండడు.

ఇంకో తకరారూ ఉంది. మందు పనిచేస్తోందని తేలగానే మొదటి ట్రయల్‌ని 2007లో మధ్యలోనే ఆపేశారు. రోగులకి అది మంచిదే. కానీ ఆ తర్వాత ఎవరెన్నాళ్లు బతుకుతారన్నది? గీతని ఊహతో పొడిగించాల్సిందే. ఆ గీత వంపు ఏమాత్రం మారినా క్వాలీ ఖర్చు వేలల్లో మారుతుంది. కంపెనీ ఒక వంపు అంటుంది. ప్రభుత్వ నిపుణులు ఇంకోటి అంటారు. మందుల ధరల మీద పెద్ద పెద్ద తగాదాలు చాలావరకూ ఈ వంపు దగ్గరే!

అందుకే ఇప్పుడు ట్రయల్స్‌తో పాటు ఆసుపత్రి రిజిస్టర్లకీ, క్యాన్సర్‌ రిజిస్ట్రీలకీ, బీమా రికార్డులకీ గిరాకీ పెరిగింది. మామూలు రోగులకి మామూలు ఆసుపత్రిలో ఏం జరిగిందో చెప్పేవి అవే.

లండన్‌ వద్దంది... తర్వాత సరేనంది

ఇలాంటి లెక్కలకి పెట్టింది పేరు బ్రిటన్‌లోని ‘నైస్‌’ అనే సంస్థ. 1999లో ఏర్పడింది. అక్కడి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఏ మందు వాడాలో చెప్పేది ఇదే. చాలా ఏళ్లపాటు దాని గీత ఒక క్వాలీకి 20 నుంచి 30 వేల పౌండ్లు. 2010లో సొరాఫెనిబ్‌ ఫైలు మీద అది తుది నిర్ణయం ప్రకటించింది. కంపెనీ రాయితీ ఇస్తానన్నా క్వాలీ ఖర్చు 50 వేల పౌండ్లు దాటింది. ‘ఆ ధరకి వద్దు’ అంది నైస్‌. రోగుల సంఘాలు మండిపడ్డాయి. నాలుగు రోజులు ఎక్కువ బతికే అవకాశాన్ని కాలరాస్తారా అని ప్రశ్నించాయి.

కథ అక్కడితో ఆగలేదు. క్యాన్సర్‌ మందుల కోసం ఇంగ్లండు ప్రభుత్వం 2011లో విడిగా ఓ నిధి పెట్టింది. చివరికి కంపెనీ ధర తగ్గించే ఒప్పందానికి వచ్చాక 2017లో నైస్‌ పచ్చజెండా ఊపింది. అదీ కాలేయం మెరుగ్గా పనిచేస్తున్న రోగులకి మాత్రమే.

ఏడేళ్ల ఈ తగాదాలో ఓ నీతి ఉంది. లెక్క చెప్పే ‘వద్దు’కి అర్థం రోగి వద్దని కాదు, ఆ ధర వద్దని. బేరమాడేవాడి చేతిలో అది తక్కెడ.

ముప్ఫయ్యేళ్లు ఆగనక్కర్లేదు

ఈ ఆట మందులకే పరిమితం కాదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ని ముందే పట్టుకునే పరీక్షలు ఏ వయసులో చేయాలి, ఎన్నిసార్లు చేయాలి అన్న ప్రశ్నకి నిజమైన మనుషులతో జవాబు రాబట్టాలంటే ఓ తరం గడిచిపోతుంది. భారత్‌, కెన్యా, పెరూ, దక్షిణాఫ్రికా, థాయ్‌లాండ్‌ దేశాల సమాచారంతో శాస్త్రవేత్తలు కంప్యూటర్‌ మోడల్‌ తయారుచేసి 2005లో ఫలితం ప్రకటించారు. 35 ఏళ్ల వయసులో ఒక్కసారి సులువైన పరీక్ష చేసి, అవసరమైనవాళ్లకి వెంటనే చికిత్స చేస్తే చాలు, జీవితకాలంలో ఆ క్యాన్సర్‌ ముప్పు 25 నుంచి 36 శాతం తగ్గుతుందన్నారు. కలిసొచ్చే ఒక్కో ఏడాది ఆయుష్షుకి అయ్యే ఖర్చు 500 డాలర్ల లోపే.

నాలుగేళ్లు తిరిగాక మహారాష్ట్రలోని ఉస్మానాబాద్‌ జిల్లా పల్లెల నుంచి అసలైన ఫలితం వచ్చింది. లక్షా 30 వేలమందికి పైగా మహిళలతో చేసిన ఆ అధ్యయనంలో, ఒకే ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసిన ఊళ్లలో ఈ క్యాన్సర్‌ మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. కంప్యూటర్లో ఆడిన ఆట ఉత్త కాలక్షేపం కాదని పల్లె మహిళలు రుజువు చేశారు.

మన పటం మనమే గీసుకోవాలి

మనదేశంలో క్యాన్సర్‌ ఖర్చులో చాలాభాగం ఇంటిల్లిపాదీ జేబులోంచే పోతుంది. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ, 2018లో వచ్చిన ఆయుష్మాన్‌ భారత్‌ లాంటి పథకాలు కొంత ఆదుకుంటున్నాయి. కానీ పథకం సొమ్ముకీ ఓ హద్దుంటుంది. ఒక రోగి రెండు నెలల ఆయుష్షుకి పెట్టే 14 లక్షలతో ఎంతమంది పిల్లలకి రక్త క్యాన్సర్‌ నయం చేయొచ్చు? పైకి అనకపోయినా ప్రతి పథకమూ వేసుకోవాల్సిన లెక్క ఇది. దీన్ని పద్ధతిగా చేయడానికే కేంద్ర ఆరోగ్య పరిశోధన విభాగం 2017లో ఓ ప్రత్యేక వ్యవస్థని ఏర్పాటుచేసింది. చండీగఢ్‌లోని పీజీఐ పరిశోధకుల ఆధ్వర్యంలో వివిధ రాష్ట్రాల పెద్దాసుపత్రుల నుంచి 12 వేలకు పైగా క్యాన్సర్‌ రోగుల ఖర్చులు, జీవన నాణ్యత వివరాలు సేకరించారు. మందుకే కాదు, ప్రయాణానికీ తిండికీ తోడొచ్చినవాళ్ల బసకీ ఎంతయిందో కూడా అడిగారు.

అలాంటి లెక్కల ఫలితం ఎలా ఉంటుందో చెప్పడానికి ట్రాస్టుజుమాబ్‌ ఉదాహరణ. ఒక రకం రొమ్ము క్యాన్సర్‌కి ఏడాదిపాటు ఇచ్చే ఇంజక్షన్‌ ఇది. మన పరిశోధకులు 2020లో మోడల్‌ తయారుచేసి చూస్తే, అప్పటి ధరకి ఏడాది కోర్సు గిట్టుబాటు కాదనీ, తొమ్మిది వారాల కోర్సు గిట్టుబాటేననీ తేలింది. బ్రిటన్‌లో నాలుగు వేలమందికి పైగా రోగులతో చేసిన ట్రయల్‌ ఏడాదికి బదులు ఆర్నెల్లు ఇచ్చి చూసింది. వ్యాధి తిరగబెట్టకుండా నాలుగేళ్లు గడిపినవాళ్లు ఏడాది వాడినవారిలో 89.8 శాతం, ఆర్నెల్లు వాడినవారిలో 89.4 శాతం!

ముంబయిలోని టాటా మెమోరియల్‌ డాక్టర్లు మరో అడుగు వేశారు. తల, మెడ క్యాన్సర్లకి వాడే నివోలుమాబ్‌ని మామూలు మోతాదులో పదోవంతు కూడా లేకుండా ఇచ్చి 151 మందిలో పరీక్షించారు. మామూలు చికిత్స మాత్రమే పొందినవారిలో ఏడాది తర్వాత 16.3 శాతం మంది బతికుంటే, దానికి ఈ చిన్న మోతాదు జోడించినవారిలో 43.4 శాతం మంది బతికున్నారు. 2022లో వచ్చిన ఈ ఫలితం పేద దేశాల డాక్టర్లలో కొత్త ఆశ రేపింది. పూర్తి మోతాదుతో పక్కపక్కన పెట్టి పోల్చిన పరీక్ష కాదన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

ధర దించే దారులు ఇంకా ఉన్నాయి. దేశంలోని చాలా క్యాన్సర్‌ ఆసుపత్రులు కలిసిన ‘నేషనల్‌ క్యాన్సర్‌ గ్రిడ్‌’ 40 మందుల్ని ఉమ్మడిగా బేరమాడి కొని సుమారు 1,320 కోట్ల రూపాయలు ఆదా చేసింది. మందు మారలేదు, ట్రయల్‌ మారలేదు. ధర మారింది... లెక్క మారింది.

ప్రాణానికి వెల కడతారా?

ఈ పద్ధతిని తప్పుపట్టేవాళ్లూ ఉన్నారు. వికలాంగుల ఏడాదికి తక్కువ మార్కులు వేస్తే అది వివక్షే కదా అన్నది ఒక వాదన. అమెరికాలో 2010లో వచ్చిన ఆరోగ్య చట్టం, ప్రభుత్వ బీమాలో ఏ చికిత్సకి డబ్బు కట్టాలో నిర్ణయించడానికి క్వాలీ గీతల్ని వాడకూడదంది. ఆఖరి రోజుల్లో ఉన్నవాళ్లకి ఒక నెల, ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి ఒక నెల... రెండూ ఒకటేనా అన్నది మరో ప్రశ్న. కూతురి పెళ్లి చూసి పోవాలనుకునే తండ్రికి ఆ మూడు నెలలే సర్వస్వం. ఆ సంగతి ఏ పాచికా చెప్పలేదు.

నిజమే. వైకుంఠపాళి చెప్పేది వెయ్యిమంది సగటు. ఎదురుగా కూర్చున్న ఒక్క రోగి సంగతి కాదు. ఆ వెయ్యిమందిలో రెండేళ్లు బతికినవాళ్లూ ఉంటారు, రెండు వారాలకే పోయినవాళ్లూ ఉంటారు. కాబట్టి ఈ లెక్క చూపించి ఇంట్లో పెద్దాయనకి మందు మానేయడం తప్పు. ఈ లెక్క ప్రభుత్వానికి, బీమా సంస్థకి, ధర పెట్టే కంపెనీకి.

లెక్కే వేయకపోతే? అప్పుడూ ఎవరో ఒకరు నిర్ణయిస్తూనే ఉంటారు. కాకపోతే నిర్ణయించేది ఆ ఇంటి ఆస్తి. రెండెకరాలు అమ్మగలిగినవాళ్లకి మందు, అమ్మడానికేమీ లేనివాళ్లకి ఉత్త చేతులు. ఎవరూ లెక్క వేయనప్పుడు వేలంపాటలో నెగ్గేది డబ్బే. ఆ కంప్యూటర్‌ ఆట వెల కట్టేది ప్రాణానికి కాదు... మందుకి!

డాక్టర్ని అడగండి!

ఖరీదైన క్యాన్సర్‌ మందు రాసినప్పుడు ఇంటివాళ్లు మొహమాటపడకుండా అడిగి తెలుసుకోవాల్సినవి ఇవి.

* ఈ మందు ఉద్దేశం వ్యాధిని నయం చేయడమా, అదుపులో ఉంచడమా, బాధ తగ్గించడమా?

* ఇలాంటి స్థితిలో ఉన్నవాళ్లకి ఈ మందు వల్ల సాధారణంగా ఎంతకాలం కలిసొస్తుంది? ఆ కాలం ఎలా గడుస్తుంది?

* ఎన్ని నెలలు వాడాలి? పనిచేస్తోందో లేదో ఎప్పుడు, ఏ పరీక్షతో తెలుస్తుంది?

* ఇదే మందు జనరిక్‌ రూపంలో ఉందా? తక్కువ కాలం వాడే పద్ధతి ఏదైనా ఉందా?

* ప్రభుత్వ పథకంలో గానీ, బీమాలో గానీ ఈ చికిత్స ఉందా?

* మందుతో పాటు స్కాన్లు, పరీక్షలు, ప్రయాణాలు కలిపి మొత్తం ఎంతవుతుంది?

జవాబులు విన్నాకే నిర్ణయం తీసుకోండి. డాక్టర్‌కి చెప్పకుండా మోతాదు తగ్గించడం, మధ్యలో మానేయడం మాత్రం చేయొద్దు.